పుష్పావతి కంప్యూటరు కాపలా

ధర్మవరంలో తిమ్మరాజు చీరలు నేయడు, అమ్మడు. చీర అంచు మీద ఏ పువ్వు ఎక్కడ పూయాలో, ఏ చిలుక ఎటు తిరిగి కూర్చోవాలో చెప్పడం అతని పని. గ్రాఫు కాగితం మీద గడి గడికీ రంగు నింపి డిజైను గీసిస్తే, దాన్ని చూసి అతని స్నేహితుడు పౌలు అట్టలకు చిల్లులు కొట్టేవాడు. ఆ అట్టలు మగ్గానికి కడితే పట్టు మీద చిలుక దిగేది. ఎక్కడో ఒక గడి తప్పితే చీర పొడుగునా చిలుకలకు ముక్కులుండవు. ఈ పనివల్ల తిమ్మరాజుకు మెడనొప్పి, మందపాటి కళ్లద్దాలు, తన మీద తనకు గొప్ప అభిప్రాయం కలిగాయి.

భార్య పుష్పావతి పరిగి ఆడపడుచు. హిందూపురంలో ఇంటర్ చదివి, టైపు లోయర్ పాసైంది. హయ్యర్ పరీక్షకు కూర్చోకముందే పెళ్లి చేసేశారు. ఆ కోపం ఆమెకు ఎన్నేళ్లైనా తగ్గలేదు. ఎవర్నీ ఊరికే నమ్మే అలవాటు కూడా ఆమెకు లేదు. కానీ నమ్మకపోవడాన్ని నవ్వుతూ చేసేది గనుక ఎవరూ నొచ్చుకునేవాళ్లు కాదు.

రెండువేల ఒకటిలో ఆ ఇంటికి కంప్యూటరు వచ్చింది. ఇక గ్రాఫు కాగితం మీద మెడ వంచనక్కర్లేదని తిమ్మరాజు సంబరపడి, శుక్రవారం చూసి పూజ చేశాడు. మానిటర్‌కు బొట్టు పెట్టాడు. ఫ్లాపీ పెట్టే సందు అగరుబత్తీ గుచ్చడానికే చేసినట్టు కనిపించింది అతనికి. గుచ్చాడు కూడా. పుష్పావతి పరుగెత్తుకొచ్చి పీకేసింది గానీ, ఆ సందు చాన్నాళ్లు మల్లెపూల వాసన కొట్టింది.

పాస్‌వర్డ్ కింద తిమ్మరాజు ఆంజనేయస్వామి పేరు పెట్టుకున్నాడు. మరిచిపోకుండా చీటీ మీద రాసి మానిటర్ నెత్తిన అంటించాడు.

"తాళం ఏసి తాళంచెవి తలుపుకే తగిలించినావు గదా," అంది పుష్పావతి.

"స్వామి పేరు చూసినాక ఎవురు ముట్టుకుంటారే?" అన్నాడు తిమ్మరాజు.

వీధి వీధంతా ముట్టుకుంది. పరీక్ష ఫలితాలు చూసుకునేవాళ్లు కొందరు, పెళ్లిపత్రికలు కొట్టించుకునేవాళ్లు కొందరు. తిమ్మరాజు మేనమామైతే మధ్యాహ్నం భోంచేసి వచ్చి, పేకాట బొమ్మల ముందు కూర్చుని, అందులోనే కునుకు తీసేవాడు. వచ్చినవాళ్లు ఊరికే రారు గదా, చేతిలో ఒక ఫ్లాపీ, ఆ తర్వాతి కాలంలో ఒక పెన్‌డ్రైవూ పట్టుకొచ్చేవాళ్లు. వాటితో పాటు ఒక్కో రోగం. కంప్యూటరు ఉన్నట్టుండి మూతపడేది, తనంతట తాను లేచేది, ఎవరూ అడగని బొమ్మలు చూపించేది. ఒకసారి ఇంటికొచ్చిన పురోహితుడి ముందు చూపించిన బొమ్మ గురించి ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు.

రోగం ముదిరినప్పుడల్లా హిందూపురం నుంచి సతీష్ వచ్చేవాడు. అక్కడ అతనికో రిపేరు అంగడి ఉంది. ఏ జబ్బుకైనా అతని దగ్గర ఒకటే మందు. "వైరస్ అన్నా, మొత్తం తుడిచి మళ్లా ఎక్కించాల," అనేవాడు. తుడిచే ముందు డిజైన్లన్నీ తన దగ్గరున్న డబ్బీలాంటి డిస్కులోకి కాపీ చేసుకునేవాడు. "ఏమన్నా పోతే నా దగ్గర ఉంటాయిలే అన్నా, భయపడద్దు," అనేవాడు. తిమ్మరాజుకు ఆ మాట ఎంత నచ్చిందంటే, సతీష్ వచ్చిన రోజు ఇంట్లో వడలు వండించేవాడు.

ఇదిలా ఉండగా తిమ్మరాజు డిజైన్లు బయటివాళ్ల మగ్గాల మీద కనిపించడం మొదలైంది. ఇక్కడ చీరలు నేయించే షావుకారుకు నమూనా చూపించేలోగా ఎక్కడో అదే అంచుతో చీర దిగిపోయేది. తిమ్మరాజు ఆలోచించాడు. డిజైను తన చేయి దాటితే చేరేది పౌలు చేతికే. అంతే, పెళ్లికి ముందు నుంచీ స్నేహితుడైన మనిషిని పట్టుకుని, "ఎంతకు అమ్ముకున్నావురా?" అని అంగట్లో నలుగురి ముందు అడిగేశాడు. పౌలు సగం కొట్టిన అట్టల కట్ట తెచ్చి తిమ్మరాజు గడప మీద పెట్టి వెళ్లిపోయాడు.

పుష్పావతికి ఆ లెక్క కుదరలేదు. బయటపడినవాటిలో పౌలు కంటపడని డిజైన్లు కూడా ఉన్నాయి. తిమ్మరాజు గీసి, నచ్చక పక్కన పడేసినవి. అవి కంప్యూటరు దాటి బయటికే రాలేదు. మరి కంప్యూటరు కడుపులో చేయి పెట్టేదెవరు?

ఆమె మొగుడికి చెప్పలేదు. చెబితే అతను సాయంత్రానికల్లా ఊరంతా చెప్పి, మళ్లీ ఎవరికీ చెప్పొద్దని తనకే చెబుతాడు. ఒక మధ్యాహ్నం మేనమామను కుర్చీలోంచి లేపి, తను కూర్చుంది. పాత నెమలి అంచొకటి తెరిచి, గడి గడికీ రంగు నింపి, ప్రతి నెమలికీ మూడో కాలు అతికించింది. దానికి 'దసరా స్పెషల్' అని పేరు పెట్టింది. కంప్యూటరు నిదానంగా పోతోందని సతీష్‌కు ఫోను చేసింది. అతను వచ్చాడు, తుడిచాడు, వడలు తిన్నాడు, వెళ్లాడు.

దసరాకు ముందు పుట్టింటికి పోతూ హిందూపురంలో ఒక చీరల అంగడి ఎక్కింది పుష్పావతి. కొత్త మోడల్ చూపించమంటే అంగడివాడు ఒక ఆకుపచ్చ పట్టుచీర పరిచాడు. అంచు నిండా నెమళ్లు, ఒక్కోటీ మూడేసి కాళ్ల మీద నిలబడి ఉన్నాయి.

"ఇదేమప్పా, మూడు కాళ్లుండాయి?" అని అడిగింది.

అంగడివాడు వంగి చూశాడు. వ్యాపారంలో పుట్టి పెరిగినవాడు, తడబడలేదు. "పాత మోడల్లో రెండే ఉంటాండె అక్కా. ఇది ఇంగా నిలకడగా ఉంటాది," అన్నాడు.

పుష్పావతి నవ్విన నవ్వుకు అతను భయపడి మంచినీళ్లు తెప్పించాడు. అవి ఆరు చీరలు వస్తే నాలుగు అప్పటికే అమ్ముడుపోయాయట.

విషయం విన్న తిమ్మరాజు మొదట సతీష్ తిన్న వడలు తలుచుకున్నాడు. తర్వాత చీటీకేసి చూసి, "స్వామి పేరు పెట్టినా ఇట్లాయెనే," అన్నాడు.

"స్వామికి వేరే పనులుంటాయి. నీ బోర్డర్లకు కాపలా ఉండేకి ఒప్పుకున్నాడా?" అంది పుష్పావతి. చీటీ చించేసింది.

కంప్యూటరు పత్రికతో పాటు వచ్చిన సీడీ ఒకటి ఆమె దగ్గర ఉంది. అందులో లినక్స్ ఉంది. విండోస్ బదులు వేసుకోవచ్చని, వీధిలో తిరిగే వైరస్‌లు దాని మీద పనిచేయవని, యజమాని పెట్టుకునే పెద్ద పాస్‌వర్డ్ తెలియనివాళ్లు అందులో ఏమీ ఎక్కించలేరని పత్రికలో రాశారు. అవన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆమెకు బాగా నచ్చింది ఇంకోటి. ఒకప్పుడు దాని గురించి అడిగితే సతీష్, "లినక్సా? అది మనకు రాదక్కా," అన్నాడు. వాడికి రాదంటే ఇంతకు మించిన తాళం ఏముంది?

ఆదివారం సీడీ వేసి కూర్చుంది. డిస్కులో కొంత భాగం వాడాలా, మొత్తం వాడాలా అని అది ఇంగ్లీషులో అడిగింది. పుష్పావతి చదువుతోంది. వెనక నిలబడ్డ తిమ్మరాజుకు ఓపిక లేదు. "నొక్కు నొక్కు, దానికింత ఆలోచన ఏముండాది," అన్నాడు. ఆమె నొక్కింది. మొత్తం అనేదాన్ని.

లినక్స్ చక్కగా ఎక్కింది. చూడ్డానికి చల్లగా, నీలంగా ఉంది. డిజైన్లు మాత్రం లేవు. ఐదేళ్ల పువ్వులు, చిలుకలు, మామిడిపిందెలు, ఒక్కటీ లేదు. తిమ్మరాజు సంగటి ముద్ద ముందు కూర్చుని, తినకుండానే చేయి కడుక్కున్నాడు. తిట్టలేదు. తిట్టివుంటే బాగుండేది అనుకుంది పుష్పావతి. తప్పు తన వేలిది, తొందర అతనిది. ఎవరి వాటా ఎంతో తేల్చే ఓపిక ఇద్దరికీ లేదు.

మర్నాడు పొద్దున గిన్నెలు తోముతూ ఆమె ఉన్నట్టుండి ఆగింది. చీర మార్చుకుని వచ్చి, "లెయ్ పా. మన సామాన్లన్నీ దొంగ ఇంట్లో భద్రంగా ఉండాయి," అంది.

హిందూపురం బస్సు పెనుకొండలో ఆగినప్పుడు తిమ్మరాజుకు పౌరుషం వచ్చింది. "ఈడ దిగి పోలీసులకు కంప్లైంటు ఇస్తాం," అన్నాడు.

"ఇస్తే వాని డిస్కులు ఎత్తుకపోయి స్టేషన్‌లో పడేస్తారు. ఉండేది అదొక్క కాపీ. కూర్చో," అంది పుష్పావతి.

అంగట్లో వాళ్లను చూడగానే సతీష్ కుర్చీలు తుడిచాడు.

"మా డిజైన్లు ఇయ్యప్పా," అంది ఆమె.

"నా దగ్గర యాడుంటాయక్కా? ఎప్పటివి అప్పుడు తీసేస్తాంటి."

"మూడు కాళ్ల నెమలి యాడిది మరి? నీకు తెలిసిన అడివిలో తిరుగుతాంటాదా?"

సతీష్ వెనక్కి తిరిగి చూశాడు. అంగట్లో ఇంకో ఇద్దరు గిరాకీలున్నారు, వాళ్లూ తమ కంప్యూటర్లు అతని చేతిలో పెట్టినవాళ్లే. పుష్పావతి గొంతు పెంచలేదు. ఆ ఇద్దరికేసి ఒకసారి చూసి, మళ్లీ అతని వైపు చూసింది. సతీష్ డిజైన్లన్నీ సీడీల్లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చి తెరిచి చూస్తే డిజైన్లు అన్నీ ఉన్నాయి. ఊరికే ఉండడం కాదు, అంచులు ఒకచోట, కొంగులు ఒకచోట, బుటాలు ఒకచోట, అన్నీ తేదీల వారీగా సర్ది ఉన్నాయి. తిమ్మరాజు చాలాసేపు చూశాడు.

"మనకంటే బాగా పెట్టుకున్నాడే నాకొడుకు," అన్నాడు. ఆ గొంతులో గౌరవం వినిపించి పుష్పావతి ఆ పూట అతనికి కాఫీ ఇవ్వలేదు.

అప్పటినుంచి నెలకొకసారి ఆమె డిజైన్లు సీడీల్లోకి ఎక్కించి, పరిగిలో తన తల్లి ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచింది. తిమ్మరాజుకు లినక్స్‌లో వేరే పేరు, చిన్న పాస్‌వర్డ్ పెట్టిచ్చింది. దాంతో గీసుకోవచ్చు, ఏమీ ఎక్కించలేడు. "నా ఇంట్లో నేనే చుట్టమా?" అని అతను కొన్నాళ్లు అలిగాడు. మేనమామ పేకాట బొమ్మలు మునుపటిలా లేవని రావడం మానేశాడు. లినక్స్‌లో అన్నిటికన్నా గొప్ప గుణం అదేనని పుష్పావతి అందరికీ చెప్పేది.

మిగిలింది పౌలు. తిమ్మరాజు పండ్లు తీసుకుని వాళ్లింటికి పోయి, తల వంచుకుని నిలబడ్డాడు.

పౌలు పండ్లు తీసి లోపల పెట్టుకున్నాడు. "క్షమించమని మా బైబిల్లో ఉండాదిలేప్పా. ఎంత తొందరగానో మాత్రం రాయలే. వచ్చే ఆదివారం మళ్లా రా," అన్నాడు.

తిమ్మరాజు ఆ ఆదివారం పోయాడు, ఆ పై ఆదివారమూ పోయాడు. పండ్లు మారుస్తూ పోయాడు. ఉగాదికి పౌలు భార్య, ఇంట్లో ఇంక పండ్లు పెట్టేకి చోటు లేదని చెప్పాకే అట్టల పని మళ్లీ మొదలైంది.