బావిలో వెలుగు జరిగిన మధ్యాహ్నం

భూమి తిరుగుతుందని నాకెవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. పదో తరగతిలో బట్టీ పట్టి రాశాను, మార్కులూ వచ్చాయి. దానికి భయపడాలని మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. ఆ భయం నన్ను మొన్న వేసవిలో మా ఎండిపోయిన బావి గట్టు మీద పట్టుకుంది. ఇంకా వదల్లేదు.

నాకు కదిరిలో చిన్న బట్టలు కుట్టే అంగడి ఉంది. ఆ రోజు ఊళ్ళో నాయన వాళ్ళింటికి వెళ్ళాను. అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే గొర్రెపిల్ల అరుపు వినబడింది, అదీ బావిలోంచి. మా బావి పైసగం వెడల్పు, రాతిమెట్లున్నాయి. నీళ్ళు దిగిపోయినకొద్దీ తాత, ఆయన తర్వాత నాయన, అడుగున ఇరుగ్గా ఇంకో గుంత తవ్వుకుంటూ పోయారు. నీళ్ళు రాలేదు, గుంత మిగిలింది. పట్టపగలు కూడా అందులో చీకటే. ఆ దిక్కుమాలిన పిల్ల మెట్లన్నీ దిగి, సరిగ్గా ఆ గుంతలోకి జారి అడుగున మెత్తటి మట్టిలో పడింది.

"గొర్రెపిల్ల కోసరం మనిషి దిగేదేందప్పా, మతి ఉండాదా నీకు?" అని అమ్మ అరుస్తూనే ఉంది. నాయన వింటే గదా! చెప్పులు గట్టు మీద వదిలి, నడుముకు మోకు కట్టుకున్నాడు. పైన దూలానికి వేలాడే గిలక మీదుగా ఆ మోకును చిన్నాయన మెల్లగా వదిలాడు.

సెల్‌ఫోన్ లైటు గుంత మూతి దాటి పోలేదు. అందుకని మా వైపు బావిలో బిందె పడితే ఏం చేస్తారో అదే చేశాం. గోడకున్న అద్దం తెచ్చి, ఎండను పట్టి లోపలికి కొట్టాం. అద్దం నా చేతిలో ఉంది. అడుగున చేటంత వెలుగు పడింది.

నాయన పిల్లను చంకన పెట్టుకుని "లాగండప్పా" అన్నాడు. మోకు బిగిసిందో లేదో గిలక గాడిలోంచి జారి పక్కన ఇరుక్కుపోయింది. "ఉండన్నా, తీస్తాండా" అంటూ చిన్నాయన దూలం మీదికి పాకాడు. అప్పుడే వెలుగు కొంచెం పక్కకి పడి, రాళ్ళ సందు ముందర నాగుపాము కనబడింది. నాయన కాళ్ళకు బారెడు దూరం కూడా లేదు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి వణికింది. వెలుగు ఆడింది. పాము పడగెత్తింది.

"పాపా, కదిలించొద్దు," అన్నాడు నాయన, చాలా మెల్లగా. "నీ చెయ్యి వణుకుతాంది. రాళ్ళు ఆనించి అద్దాన్ని నిలబెట్టు. వెలుగు దాని మీదనే ఉండనీ. అది కండ్ల ముందర ఉన్నంతసేపూ నాకేం గాదు."

రాళ్ళు పేర్చి అద్దాన్ని బిగించాను. వెలుగు పాము మీదే నిలబడింది. హమ్మయ్య అనుకుని, చిన్నాయన పిలిస్తే పోయి అమ్మతో పాటు మోకు పట్టుకున్నాను. ఆయన పైన తిట్టుకుంటూ మోకును గుంజుతున్నాడు. అది రావడం లేదు.

ఎంతసేపయిందో. లోపల్నుంచి నాయన గొంతు వచ్చింది. ఆ గొంతు నేనెప్పుడూ విన్నది కాదు.

"పాపా... వెలుగు జరుగుతాంది. దాని తోక కనపడల్యా."

తిరిగి చూశాను. అద్దం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క రాయి కదల్లేదు. ఆకు కూడా ఆడని ఎండ, గాలి లేనే లేదు.

"ఎవురే అద్దం ముట్టుకొనింది? సగం పోయిందే! పడగొకటే కనపడుతాంది!"

"ఎవ్వరమూ ముట్టలేదు నాయనా!"

అమ్మ బావిలోకి చూస్తూ, "ఎవురు తల్లీ నువ్వు, మా మీద పడినావు?" అంది. అబద్ధమెందుకు, నేనూ అదే నమ్మాను. ఏదో కనబడని చెయ్యి ఆ వెలుగును మా నాయన ముందర్నుంచి లాగేస్తోందనుకున్నాను.

అప్పుడు గట్టు మీదున్న నాయన చెప్పులు కంటబడ్డాయి. ఇందాక రెండూ అద్దం నీడలో ఉన్నాయి. ఇప్పుడొకటి ఎండలో ఉంది.

ఎవరూ జరపలేదు. మేమే జరిగాం. గట్టు, రాళ్ళు, అద్దం, దూలం మీది చిన్నాయన, చీకట్లో పాముతో నిలబడ్డ నాయన, అందరం కలిసి తిరిగిపోతున్నాం. పట్టుకుని ఆపడానికి ఎక్కడా పిడి లేదు. "ఆగవే, ఒక్క రవ్వ ఆగవే" అని నేలను బతిమాలాను. అది నా మాట వింటుందా?

"వెలుగు పాయ," అన్నాడు నాయన.

మోకు అమ్మకు వదిలేసి ఉరికాను. రాళ్ళను తన్ని అద్దం ఎత్తాను. వెలుగు గోడ మీద పడింది, గొర్రెపిల్ల చెవి మీద పడింది, నాయన కాలి మీద పడింది. పామున్న చోట పాము లేదు.

"యాడుండాది?"

"కనపడలేదు నాయనా."

నాయన కాళ్ళ చుట్టూ వెలుగు తిప్పుతూనే ఉన్నాను, అది కనబడాలనీ, కనబడకూడదనీ.

"పడిందన్నా! గాడిలో పడింది!" అని చిన్నాయన దూలం మీంచి గట్టు మీదికి దూకాడు. ఆయనా అమ్మా కలిసి లాగారు. నాయన పాదాలు నేల వదిలాయి. ఆ పాదాలున్న మట్టి మీదుగానే పాము సాగిపోయింది. అది చూసింది నేనొక్కదాన్నే. ఎవరికీ చెప్పలేదు.

పైకొచ్చాక నాయన, అద్దం ఎవరు కదిపారో చెప్పమని అందర్నీ తిట్టాడు. చెప్పుల మీది ఎండ చూపించి, నాకు తెలిసింది చెప్పాను. చిన్నాయన నవ్వాడు. నాయన నవ్వలేదు.

సాయంత్రం మంచం మీద కూర్చుని అడిగాడు: "ఇప్పుడు గూడా తిరుగుతాందా?"

"తిరుగుతోంది నాయనా."

ఆయన చెయ్యి మంచం పట్టెను పట్టుకుంది. "సూర్యుడన్నా ఒక చోట ఉంటాడా?"

"ఉండడంట. మనందర్నీ వెంటేసుకుని ఆయనా పోతానే ఉంటాడంట."

"యాడికి?"

నాకు తెలియదన్నాను. నాయన పట్టె వదల్లేదు. పామును ఎదురుగా పెట్టుకుని నిలబడ్డ మనిషి, తన మంచం మీద తాను భయపడుతుంటే చూడలేకపోయాను. లోపలికి పోబోతుంటే పిలిచాడు.

"పాపా, ఇంగోసారి ఇట్లా అయితే రాళ్ళు పెట్టొద్దు. నువ్వే పట్టుకో. చెయ్యి వణికినా పర్వాల్యా."