సగటులో కనపడని పళ్లెం

ఎనభైల మొదట్లో నేను హన్మకొండలో ఎకనామిక్స్ లెక్చరర్‌ని. గణాంకశాస్త్రం ఎవరి దగ్గరా చదువుకోలేదు, పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. శనివారం మధ్యాహ్నాలు వేర్వేరు సబ్జెక్టుల వాళ్లం కూర్చుని ఒకరి పాఠం ఒకరం వినేవాళ్లం. విన్న పాఠాన్ని ఆ సబ్జెక్టు తెలియనివారు లేచి తిరిగి చెప్పాలన్నది మా నియమం.

తెలుగు చెప్పే మల్లయ్య గారి భార్య పోయి నెల దాటింది. ఆయన క్లాసులకు రావడం మానేసి, ఉద్యోగం వదిలేస్తానంటున్నారు. నలుగురిలో నోరు విప్పితే మనసు మారుతుందని మేమే బలవంతంగా తీసుకొచ్చాం. ఆ రోజు నేను సగటు గురించి చెప్పాను.

"మల్లన్నా, ఇయ్యాల నీ వంతు. తప్పించుకుంటే చాయ్ బంద్" అన్నాడు ఫిజిక్స్ చెప్పే కరీం.

మల్లయ్య గారు కొంచెం నవ్వి చాక్‌పీసు అందుకున్నారు.

"ఇంట్ల ఇద్దరున్నరనుకోండ్రి. ఇద్దరు తిన్నది కలిపి రెండుతోని భాగిస్తే సగటు. ఇద్దరు సమానంగ తిన్నట్టే కనబడ్తది. కని మా ఆమె తన పళ్లెంలకెల్లి తీసి నా పళ్లెంల ఏస్తుండె. దవాఖానకు తీస్కపోయినంక డాక్టర్ చెప్పిండు, ఒంట్ల రక్తమే లేదని."

ఆగి, నావైపు తిరిగారు.

"అది పట్టిచ్చే లెక్క మీ దగ్గర ఏమన్న ఉన్నదా సార్?"

ఉంది. సగటుకు ఎవరెంత దూరంలో ఉన్నారో చెప్పే లెక్క. వచ్చే శనివారం పాఠం అదే. కానీ ఆయన ముఖం చూస్తూ ఆ మాట చెప్పలేకపోయాను. కరీం చాయ్ గ్లాసు ఆయన చేతిలో పెట్టాడు. ఆయన తాగలేదు.

మరుసటి శనివారం ఆ పాఠం చెప్పాను. మల్లయ్య గారు రాలేదు. రాజీనామా ఇచ్చి ఊరికి వెళ్లిపోయారు.

ఇప్పటికీ సగటు కట్టే ముందు, అన్నిటికన్నా తక్కువ అంకె ఎవరిదో చూస్తాను.