జేజి ఊ కొట్టిన రోజు

ఆ పుస్తకం కబురు ముందుగా తెచ్చింది గిద్దలూరులో చదువుకునే మా ఆడబిడ్డ కూతురు. "అత్తా! మీ జేజి కథ బొమ్మల పుస్తకమైందంట. ఆదివారం రాసినామె మార్కాపురం వచ్చి ఆడపిల్లలకు చదివి వినిపిస్తాదంట" అంది.

జానపద కథలు పోగుచేస్తున్నానంటే, ఆ కథ ఫోనులో ఆ రాసినామెకు చెప్పింది నేనే. మా జేజి, అంటే మా నాయన తల్లి, పలకల కార్ఖానాలో పనిచేసింది. ఇంట్లోవాళ్ళు నన్ను బడికి పంపలేదు కాబట్టి విరిగిన పలకలు కొంగున కట్టుకొచ్చి ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది. రోజూ దీపం పెట్టి చెన్నకేశవుడికి నేను చెప్పుకునే మొదటి కృతజ్ఞత ఆ అక్షరాలకే.

జేజి నాకు చెప్పిన ఆ కథ చిన్నదే. కడవ నిండనిదే ఇంటికి రావద్దని అత్త కోడల్ని బావికి తరుముతుంది. నీళ్ళన్నీ తాగేసి బావిలో భూతం కూర్చుని ఉంటుంది. "నేను కథ చెప్తా, నువ్వు ఊ కొట్టు. ఊ ఆపితే నీళ్ళియ్యాల" అని కోడలు పందెం కడుతుంది. చెప్పీ చెప్పీ మూడోనాటికి భూతానికి కునుకు పట్టిస్తుంది. పందెం ఓడిన భూతం నీళ్ళు వదిలితే కడవ నింపుకుని వస్తుంది.

ఆదివారం జేజిని ఆటోలో తీసుకుపోయాను. సంగతి చెప్పలేదు. తన కథ వినబడగానే ఆమె ముఖం చూడాలని నా ఆశ.

రచయిత్రి "ఆడపిల్లలకు గొంతునిచ్చే కథ ఇది" అని మొదలుపెట్టి, ఆ వెంటనే "అందరూ నోటి మీద వేలు!" అంది.

పుస్తకంలో కోడలికి గుర్రం ఉంది, కత్తి ఉంది. భూతం తల తెగిపడింది. ఆమె కొండెక్కి, ఇక ఎవరికీ భయపడనని ఉపన్యాసమిచ్చింది. మాటతో గెలిచిన పిల్ల చేతికి కత్తినిచ్చి ధైర్యం నేర్పారట! కడవ మాత్రం రెండో పేజీ తర్వాత ఎక్కడా లేదు. యర్రగొండపాలెం నుంచి కొనకనమిట్ల దాకా కడవ మోసిన ఏ ఆడదానికైనా ముందు కనబడేది ఆ లోటే.

జేజి అలవాటుగా ప్రతి మాటకూ "ఊ" అంటోంది. రచయిత్రి చదవడం ఆపి, "అవ్వా, డిస్టర్బ్ చేయకండి" అంది.

"నేనేం జేసినానమ్మా? ఇంతమందిలో ఒక్కరూ ఊ అనకపోతిరి. నువ్వు చదివేది నిద్రబోయే భూతాలకా ఏంది?"

పిల్లలు వేళ్ళు తీసేసి పకపకా నవ్వారు. రచయిత్రి గొంతు పెంచి చదువుకుంటూ పోయింది. జేజి ఊ కొట్టడం మానేసింది.

పుస్తకం కొని తిప్పితే, చివరి పేజీలో బొమ్మలేసినవారికి, కాగితమిచ్చినవారికి ధన్యవాదాలు ఉన్నాయి. "మా జేజి పేరేదండీ?" అని రచయిత్రిని అడిగాను. "జానపద కథకు ఒకరి పేరుండదమ్మా" అంది. అట్ట మీద తన పేరు మాత్రం కడవంత అక్షరాలతో ఉంది.

తిరుగుదారిలో జేజి అడిగింది, "ఎవురి కథే అది? ఆ పిల్ల నీళ్ళు మర్చిపోయి వచ్చె గదా!"

నీదేనని చెప్పకుండా పుస్తకాన్ని సంచిలో అడుగుకు తోసేశాను.

ఆ పుస్తకానికీ కృతజ్ఞురాలినే. అట్ట గట్టిది, కందిపప్పు డబ్బాకు మూతగా బాగా కుదిరింది. మీరు కొంటే కొనండి. చదివేటప్పుడు మీ పిల్లల్ని ఊ కొట్టనివ్వండి. ఆ ఊ వినబడినప్పుడు, విరిగిన పలకలు కొంగున కట్టుకొచ్చిన మా జేజిని ఒక్కసారి తలుచుకోండి.