పొట్టు లేచిన ముఖం

గద్వాలలో నేను పనిచేసే చీరల దుకాణానికి పెళ్లి బేరాలు ఎక్కువ. ఆ రోజు పెళ్లికూతురి తల్లి ఒకామె, చూస్తే నా ఈడుదే, జరీ అంచు తడుముతూ "పెద్దమ్మా, ఇదే అంచుల వేరే రంగు ఉన్నదా?" అని అడిగింది. తీసి చూపించాను. వాళ్లు వెళ్లాక ఎదురుగా ఉన్న నిలువుటద్దంలో నన్ను నేను చూసుకున్నాను. కళ్ల కింద నలుపు, పెదవుల పక్కన గీతలు, బుగ్గల మీద మంగు. మా ఆయన పోయి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా నేను అద్దం ముందుకు వెళ్లింది తల దువ్వుకోవడానికే.

ఆయనకు జబ్బు అరికాల్లో చిన్న నల్లమచ్చగా మొదలైంది. వాళ్లమ్మ అడిగితే "ఏం లేదమ్మా, చెప్పు ఒరుసుకున్నది" అనేవాడు. నేనూ వంత పాడాను. హైదరాబాద్ దవాఖానలో చేర్చేదాకా అది కేన్సరని ఆమెకు తెలియలేదు. ఆ తర్వాత ఇంట్లో నేనూ అత్తమ్మే మిగిలాం.

చర్మం డాక్టర్ కోసం వనపర్తి వెళ్లాను. మా ఊళ్లో అయితే ఎవరో ఒకరు చూస్తారు. అత్తమ్మకు దుకాణం పని అని చెప్పాను. అక్కడ కూర్చున్నవాళ్లంతా తామర, గజ్జి, మొటిమలతో వచ్చినవాళ్లు. లోపల డాక్టరమ్మ "ఏం ఇబ్బంది?" అని అడిగింది. "వయసు మీద పడ్డట్టు కనబడుతున్న మేడమ్" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఓపిగ్గా అన్నీ చెప్పింది. పగలు ఎండకు రాసుకునే క్రీమ్, రాత్రి రాసుకునే క్రీమ్, వీటితో మార్పు కనబడడానికి నెలలు పడతాయి. ముడతలకు ఇంజెక్షన్లున్నాయి గానీ కొన్ని నెలలకు మళ్లీ మొదటికే వస్తుంది. లేజర్ అయితే హైదరాబాద్ పోవాలి, మంగు ఉన్నవాళ్లకు ఒక్కోసారి ఇంకా నల్లబడుతుంది. పీలింగ్ అనేది ముఖానికి పూసే మందు, పై పొర పొట్టులా రాలిపోయి కింద కొత్త చర్మం వస్తుంది. "మీరైతే క్రీములతోనే మొదలుపెట్టండి. తొందరేం లేదు" అంది.

నాకు తొందరగానే ఉంది. సూది అనగానే ఆయన చేతుల మీది కమిలిన నరాలు గుర్తొచ్చాయి. లేజర్ అంటే మళ్లీ హైదరాబాద్ దవాఖాన మెట్లెక్కాలి. పీలింగ్ చేయమన్నాను. మందు పూసినప్పుడు ముఖం భగ్గుమంది. కళ్లు మూసుకుని పడుకున్నాను. ఆయన మచ్చను ఎంతమంది చూసినా ఏమీ చేయలేకపోయారు, నేనేమో బుగ్గ మీది మంగు కోసం ఇంత దూరం వచ్చాను అనిపించింది. లేచి వచ్చేద్దామనుకున్నాను. కానీ లేవలేదు.

రెండు మూడు రోజులకు గడ్డం దగ్గర పొట్టు లేవడం మొదలైంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. అన్నం వడ్డిస్తూ అత్తమ్మ చూసింది.

"మొఖానికి ఏమైంది బిడ్డా?"

"ఏం లేదత్తమ్మా. ఎండకు జర దద్దు లేచింది."

ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నేనన్నది ఎవరి మాటో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. తల వంచుకుని తిని, దుకాణానికి వెళ్లిపోయాను. ఆ రోజు నుంచి ఆమె రాత్రి అన్నం మానేసింది. అరగడం లేదంటే నమ్మాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఇంటికొస్తే తాళం వేసి ఉంది. పక్కింటామె అరుగు మీదే ఉంది.

"మీ అత్త అలంపూర్ పోయింది. నీ మొఖం మంచిగ గావాల్నని అమ్మవారికి మొక్కుకున్నదట. పూట ఇడిసింది గూడ అందుకే. నీకు చెప్పొద్దన్నది."

కొడుకు పోయాక ఆమె ఒక్కతే బస్సెక్కింది లేదు. నేను వచ్చిన కాళ్లతోనే బస్టాండ్‌కు పరుగెత్తాను. అలంపూర్ బస్టాండ్‌లో సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. చెప్పులు లేవు. పాదాలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి.

"నువ్వెందుకొచ్చినవ్? ఎండల తిరగొద్దు నువ్వు" అంది నన్ను చూసి.

పక్కన కూర్చున్నాను. "అత్తమ్మా, నాకు ఏ రోగం లేదు."

"వాడు గూడ గట్లనే అన్నడు."

"గట్ల కాదు. నేనే డాక్టర్ దగ్గరికి పోయిన. మచ్చలు, ముడుతలు పోవాల్నని మందు పూయించుకున్న. దానికే పొట్టు లేస్తున్నది."

గద్వాల బస్సు వచ్చింది, జనం ఎక్కారు, వెళ్లిపోయింది. మేం లేవలేదు.

"ముడుతలు పోనీకా?"

"అవును."

"నాకు చెప్తే ఏమైతుండె? మొగుడు పోయినంక సింగారమేందని నేనంటననుకున్నవా?"

అచ్చంగా అదే అనుకున్నాను. ఊళ్లోవాళ్ల కంటే ఎక్కువ ఆమెకే భయపడ్డాను.

"నువ్వు గూడ పోతవనుకున్న" అంది మెల్లగా. తర్వాత వచ్చిన బస్సెక్కి ఇల్లు చేరాం.

తెల్లారి టీ తాగుతూ "ఆ డాక్టరమ్మ దగ్గరికి నన్ను తీస్కపో. ఆమె నోటితోనే వింట" అంది. తీసుకెళ్లాను. ఇది పుండు కాదు గదా, పెరగదు గదా అని మళ్లీ మళ్లీ అడిగింది. డాక్టరమ్మ విసుక్కోకుండా ప్రతిసారీ కాదని చెప్పింది. ఇంకోసారి పీలింగ్‌కు ఎప్పుడొస్తారని నన్నడిగితే, వద్దు, క్రీములు చాలన్నాను.

"ఎందుకొద్దు?" అంది అత్తమ్మ. "నడిమిట్ల ఇడిస్తే ఎట్ల? చేయించుకో."

తను తిడితే బాగుండేది. నెల తర్వాత నేను పడుకుని మందు పూయించుకుంటుంటే బయట కుర్చీలో నా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మంగు చాలావరకు తగ్గింది. పెదవుల పక్క గీతలు అలాగే ఉన్నాయి. అలంపూర్‌లో ఉత్తకాళ్లతో తిరిగిన నాటి నుంచి ఆమె కుడి మోకాలు సరిగా వంగడం లేదు. గోడ పట్టుకుని నడుస్తోంది. దవాఖానకు పోదామంటే వినడం లేదు. ఈ ఆదివారం ఆటో ఇంటి ముందుకే పిలిపించి తీసుకెళ్లాలి.