పూజలో పెట్టిన మందుల పెట్టె

మందుల పెట్టె నిండుగా ఉండగా, దాన్ని తెరవనివ్వకుండా ఒక మనిషి చేయి పోగొట్టారు. పెట్టె పూజలో ఉందట, మర్నాటి దాకా ముట్టకూడదట. ఇది తప్పు. ఆనాడూ తప్పే అన్నాను, ఈ వయసులోనూ అదే అంటాను.

అవి ఎనభైల నడిమి ఏళ్లు. కామాఠిపురాలో, ఫోరస్ రోడ్డు వైపు గల్లీలో, వరస గదుల చాల్ ఒకదాని రెండో అంతస్తులో నాకు ఖోలీ ఉండేది. ఖోలీ అంటే ఒకటే గది. భార్య పోయాక అందులో నేనొక్కణ్ణే. పొద్దున్నే మేస్త్రి వాకిట్లో నిలబడి కేకేస్తే, పాలమూరు నుంచి వచ్చిన పది పన్నెండు మందిమి దిగి, గ్రాంట్ రోడ్ స్టేషన్లో బండెక్కి, ఎక్కడ బిల్డింగు లేస్తుంటే అక్కడికి పోయేవాళ్లం. పని తెచ్చేది మేస్త్రే, మా కొట్లాటలు తీర్చేదీ ఆయనే. నాకు తాపీ పట్టడం నేర్పింది కూడా ఆయనే. నేను మామా అని పిలిచేవాణ్ణి.

నేను బడికి పోలేదు. దుకాణాల బోర్డులు చూసి హిందీ కూడబలుక్కున్నాను. తెలుగు మా చాల్‌లోని ఒక ముసలాయన దగ్గర పాత పేపర్ల మీద నేర్చుకున్నాను. ఒకరోజు ఫాక్‌లాండ్ రోడ్డులో పాత పుస్తకాలమ్మేవాడి దగ్గర బొమ్మలున్న హిందీ పుస్తకం దొరికింది. దెబ్బ తగిలితే డాక్టరు దాకా చేరేలోపు ఏం చేయాలో అందులో ఉంది. అంతకు ముందే మా కూలీ ఒకడి పాదం మీద రాయి పడితే, మా దగ్గర మాసిన గుడ్డపేలిక తప్ప ఏమీ లేకపోయింది. అందుకే ఆ పుస్తకం నన్ను వదల్లేదు.

సైటు ఇంజనీరు వెంటపడ్డాను. ఆయన విసుగెత్తి దూది, పట్టీలు, అయోడిన్ సీసా, కత్తెర తెప్పించాడు. రేకు పెట్టె నేనే సంపాదించి, మూత మీద ఎర్రరంగుతో గుర్తు వేశాను. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అందరినీ కూర్చోబెట్టి, ఒకరి చేతికి ఒకరి చేత కట్టు కట్టించేవాణ్ణి. రక్తం వచ్చేచోట శుభ్రమైన దూది పెట్టి అదిమి పట్టాలి, చెయ్యి పైకెత్తాలి, తాళ్లు బిగించకూడదు. ఇదే పాఠం, రోజూ ఇదే.

"డాకటరు సాబ్, మా ఇంటిదాని కోపానికి గూడ గా పెట్టెల మందున్నదా?" అనేవాడు ఒకడు.

"ఊకె నా చెయ్యికే చుడ్తున్నరు, నన్నేమన్న పీనుగ అనుకున్నరా?" అని ఇంకొకడు.

అందరికంటే బాగా నేర్చుకున్నవాడు నా పక్క ఖోలీలో ఉండేవాడు. నన్ను అన్నా అనేవాడు. ఆదివారం వాళ్లింట్లో జొన్నరొట్టె చేస్తే నాకు రెండు తెచ్చిచ్చి, నేను తినేదాకా గడపలో కూర్చుని ముచ్చట్లు చెప్పేవాడు. వారంలో ఆ కాసేపే నా గదిలో ఇంకో మనిషి గొంతు వినిపించేది.

ఆ దసరాకు సైటులోనే పూజ పెట్టుకున్నాం. తాపీలు, పారలు, గోడ నిలువు చూసే గుండుదారం కడిగి వరుసగా పేర్చాం. మా గుంపులో ఒక పద్ధతి ఉంది. పూజలో కూర్చున్న పనిముట్టును, మర్నాడు మేస్త్రి కొబ్బరికాయ కొట్టి లేపేదాకా ఎవరూ ముట్టరు. ముడితే ఏడాదంతా పనిలో మనుషులకు దెబ్బలు తగులుతాయని భయం.

మేస్త్రి నా పెట్టె వైపు చూసి, "అరె, గిది గూడ మన పనిముట్టే గదరా. తెచ్చి వెట్టు" అన్నాడు.

నాకు ఎంత గర్వమో! ఇన్నాళ్లూ నవ్విన గుంపు నా పెట్టెకు దండం పెట్టబోతోంది. నేనే తెచ్చి పెట్టాను, బొట్టు కూడా నేనే పెట్టాను. ఇది దాచను.

ఆ రోజు పని లేదు. అయినా రెండు రోజుల కింద పోసిన స్లాబు ఎండకు పగుళ్లివ్వకుండా నీళ్లు పెట్టాలి. పక్క ఖోలీ తమ్ముడు బకెట్టు పట్టుకుని పైకి పోయాడు. తడిలో జారి, నిలబెట్టిన ఇనుప చువ్వల మీద పడ్డాడు. మోచేయి కింది నుంచి మణికట్టు దాకా చీలింది. ఇద్దరు మోసుకొచ్చి పూజ ముందరే పడుకోబెట్టారు.

నేను ఉరికి పెట్టె మూత మీద చెయ్యి వేశాను. "మామా, తెరువాలె" అన్నాను.

"వద్దుర. పూజలున్నది."

"రక్తం గారుతున్నది మామా!"

"పసుపు వెట్టుండ్రి. తాడు గట్టి దవాఖానకు తీస్కపోండ్రి. పూజల శెయ్యి వెడ్తే గుంపు మొత్తానికి అయితది."

అందరూ నా చేతినే చూస్తున్నారు. నేను చెయ్యి తీసేశాను.

పూజ పసుపు పిడికిళ్లతో అద్దారు. తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి కట్టారు. మోచేతి పైన సుతిలి తాడు బిగించారు. చేయొద్దని నేను నేర్పినవన్నీ నా కళ్ల ముందే చేశారు. టాక్సీ దొరికింది గానీ అమ్మవారి ఊరేగింపులతో రోడ్లు నిండిపోయాయి. మేము దవాఖానకు చేరి, అక్కడి డాక్టరమ్మ తాడు కోసేసరికి చెయ్యి నల్లబడింది. తర్వాత చీము పట్టింది. మోచేతి కిందికి తీసేశారు.

చూడ్డానికి పోతే, "అన్నా, పెట్టె తెరిస్తే నా చెయ్యి ఉంటుండెనా?" అని అడిగాడు.

"ఉంటుండె" అన్నాను.

నిజంగా ఉండేదో లేదో నాకు తెలియదు. పుస్తకంలో అది లేదు.

పెళ్లాం పిల్లలతో వాడు ఊరికి పోయాడు. పక్క ఖోలీలోకి వచ్చినవాళ్లకు నాతో మాట్లాడవలసిన పని పడలేదు.

చాల్ సంఘం కూడినప్పుడు నేను లేచాను. మందుల పెట్టె పనిముట్టు కాదు, దాన్ని పూజలో పెట్టకూడదు, ఎవరి దగ్గరా అనుమతి అడగకుండా తెరవాలి అన్నాను. మేస్త్రి నలుగురిలో తప్పయిందని ఒక్క మాట అనాలి అన్నాను.

"దేవుని పనికి తప్పులు వడ్తవా? ఎన్ని బుక్కులు సదివినవ్ రా?" అన్నాడు ఒక పెద్దమనిషి.

"తాపీ చేతికిచ్చినోన్నే నిలవెడ్తున్నవ్, సిగ్గుండాలె" అంది తలుపు దగ్గర నిలబడ్డ ఒక ముసలమ్మ.

మేస్త్రి తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి వాకిట్లో కేక నాకు కాదు. నేను వేరే సైట్లలో, భాష తెలియని గుంపుల్లో పని చేసుకున్నాను. నల్లా దగ్గర నేను బిందెతో నిలబడితే మాటలు ఆగిపోయేవి. మావాళ్లలో పెళ్లి పిలుపంటే మనుషులొచ్చి, బొట్టు పెట్టి, రమ్మని రెండుసార్లు చెప్పాలి. నాకు తలుపు సందులోంచి కార్డు వచ్చేది. పోకపోతే ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. నేర్చింది మర్చిపోకూడదని ఆదివారాలు నా ఎడమ చేతికి నేనే కుడిచేత్తో కట్టు కట్టుకునేవాణ్ణి. కొసను పళ్లతో పట్టి బిగించేవాణ్ణి. అది ఇంకొకరు ఉంటేనే కుదిరే పని. మళ్లీ మళ్లీ జారిపోయేది.

ఒంట్లో సత్తువ తగ్గి మేస్త్రి ఊరికి పోయాడు. నేను వదల్లేదు. ఉత్తరాలు రాశాను. ఒకదానికి జవాబు రాకపోతే ఇంకోటి. అన్నిట్లోనూ అదే మాట: తప్పయిందని ఒప్పుకో మామా. ఆ ఒక్క మాట నీ నోటి నుంచి వస్తే నాకు చాలు. ఏళ్లు గడిచాయి. చివరికి ఒక ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. చదువుకుంటున్న మనవరాలికి చెప్పి రాయించాడట. ఆ పిల్ల ఆయన మాట ఎట్లా ఉంటే అట్లాగే రాసింది:

"అల్లుడా, నీ ఉత్తరాలన్ని చదివిచ్చుకున్న. తప్పయిందను, తప్పయిందను అంటవు. అయింది. నేను ఒప్పుకుంటున్న. నాకు దేవుని భయం ఉండె, గుంపు భయం ఉండె. గా పెట్టె తెరిస్తె ఏం జెయ్యాల్నో నాకు తెల్వకపాయె, అందుకె వద్దన్న. నీకు తెల్సు. గంత మందిల తెల్సినోనివి నువ్వొక్కనివే. మూత మీద శెయ్యి గూడ వెట్టినవ్. మరి నన్నెందుకడిగినవ్ రా?"