మిరప చేలో కిరాయి పైలట్

మా అమ్మాయి నాకు పెట్టిన పేరు కిరాయి పైలట్. నందిగామలో ఇంటర్ చదివేది. పుస్తకం కంటే ఫోన్ ఎక్కువ, ఫోన్‌లో జపాన్ వాళ్ళ బొమ్మల సీరియళ్ళు ఎక్కువ. నేను కార్టూన్ అంటే దానికి ఒళ్ళు మండేది. "కార్టూన్ కాదమ్మా, యానిమే," అని పళ్ళు కొరికేది. ఆ ఏడు ఒక యుద్ధవిమానాల కథ పట్టుకుంది. అందులో పైలట్లకి దేశం లేదు, జెండా లేదు. ఎవరు కిరాయిస్తే వాళ్ళ తరఫున పొద్దున్నే ఎగిరి, చూపించినవాళ్ళని కొట్టి, తిరిగొచ్చి టిఫిన్ తింటారు. "అచ్చం నువ్వే," అంది.

నేను డ్రోన్‌తో చేలకి మందు కొడతాను. మహిళా సంఘం తరఫున శిక్షణకి పంపించి, చివర్లో ఒక కాగితం ఇచ్చారు. అందులో నన్ను పైలట్ అనే రాశారు. సైకిల్ తొక్కడం కూడా సరిగ్గా రానిదాన్ని, చూసుకుని చూసుకుని నవ్వుకున్నాను. మా ఆయన ట్రాలీ ఆటోలో డ్రోన్, బ్యాటరీలు, జనరేటర్ ఎక్కించుకుని నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా ఎవరు పిలిస్తే వాళ్ళ చేనికి తీసుకెళ్ళేవారు. వీపున పంపు మోసే మనిషికి పూట పట్టే ఎకరం నాకు పది నిమిషాల పని. గర్వం లేదని చెబితే అబద్ధమే.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరం మంచం మీద చేరి ఆ సీరియల్ చూసేవాళ్ళం. కింద వచ్చే ఇంగ్లీషు ముక్కలు చదివి అది నాకు తెలుగులో చెప్పేది. దానికి కొత్తగా చేరిన కుర్ర పైలట్ అంటే ప్రాణం. నాకు ముసలి పైలట్ నచ్చాడు. జుట్టు నెరిసిన మొండిఘటం. ఎవరేమడిగినా, చెప్పిన చోట కొట్టడమే మన పని అనేవాడు. ఆ మాట నేనూ నేర్చుకున్నాను. "ఈ మందు పనిచేస్తుందంటావా?" అని రైతులడిగితే, "మందు మీది, చేను మీది. చెప్పిన చోట కొట్టడమే మా పనండీ," అనేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు.

ఒక్కటే నాకు మింగుడుపడేది కాదు. ఆ పైలట్లు కిందికి చూడరు. ఒకసారి బాంబు పడ్డ చోటు చూపించి, "అది ఎవరి చేనే?" అని అడిగాను.

"ఎడారమ్మా అది. చేలుండవ్."

ఎడారైతే మాత్రం ఎవరో ఒకరిది కాకుండా ఉంటుందా! దానితో వాదించి గెలవలేక ఊరుకున్నాను.

ఆ కార్తీకమాసంలో ఒకరోజు రెండు పిలుపులొచ్చాయి. పొద్దున్నే నందిగామ పక్కన మొక్కజొన్న, ఆ తరవాత జగ్గయ్యపేట అవతల మిరప. మిరప వేసినావిడ కౌలు రైతు. ఆవిడకి ఉన్నదల్లా ఆ ఎకరంన్నర పైరే. వరసకి ఏమీ కాకపోయినా నేను పిన్నీ అని పిలిచేదాన్ని. ఆడదాని చేతికి చేను అప్పగించడానికి అందరూ వెనకాడుతున్న రోజుల్లో నన్ను మొదట పిలిచింది ఆవిడే. "ఆడది కొట్టకూడదని మందు డబ్బా మీద రాసుందా ఏంటి?" అని మగాళ్ళ నోరు మూయించింది.

మొక్కజొన్నలో ఆ పొద్దున కొట్టింది కలుపు మందు. అది మొక్కజొన్నకి ఏమీ చెయ్యదు, వెడల్పాకు మొక్క ఏదైనా సరే బతకనివ్వదు. మిరపది వెడల్పాకే. అందుకే అది కొట్టాక ట్యాంకునీ గొట్టాలనీ సబ్బుపొడి వేసి మూడుసార్లు కడగాలి. శిక్షణలో మాచేత వల్లెవేయించిన మొదటి పాఠం ఇదే. ఆ రోజు సరిగ్గా పని అయ్యేసరికి బోరుకి కరెంటు పోయింది. మా క్యాన్లో నీళ్ళు సగమే ఉన్నాయి. వాటితో ఒకసారి తొలిచి, మూత దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. పోయిందనే అనిపించింది. మిగతాది మిరప చేను దగ్గర కడుగుదాంలే అనుకున్నాను.

హైవే మీద లారీ ఒకటి అడ్డం తిరిగి ఆలస్యమైంది. మేము వెళ్ళేసరికి పిన్ని పురుగుమందు డ్రమ్ములో కలిపేసి ఎదురుచూస్తోంది. "గాలి లేస్తోందమ్మాయ్, తొరగా కానీయ్," అంది. గాలి లేస్తే మందు పక్క చేలోకి కొట్టుకుపోతుంది. ఆ కంగారులో పోసేశాను, ఎగరేశాను. మోకాలెత్తు మిరప, తెల్లగా పూత మీదుంది. పావుగంటలో అయిపోయింది. పిన్ని మజ్జిగ ఇస్తే తాగి బయల్దేరాం. ఆటో హైవే ఎక్కాక గుర్తొచ్చింది, ట్యాంకు కడగలేదని.

మా ఆయన ఆటో పక్కకి ఆపారు. "అడుగున కొంచెమేగా ఉండుంటుంది. ఏం కాదులే," అన్నారు. ఆ మాట ఆయనే నమ్మలేదని మొహం చూస్తే తెలుస్తోంది. వెనక్కెళ్ళి నీళ్ళతో కడుగుదామంటే, ఎకరంన్నరలో ఏ ఆకుని కడగను? అప్పుడే వెళ్ళి పిన్నికి చెప్పి ఉండాల్సింది. భయమేసింది. ఏమీ కాకపోవచ్చు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మూడోరోజు పిన్ని ఫోన్ చేసింది. "ఆకులు ముడుచుకుంటున్నాయమ్మాయ్. బొబ్బర తెగులంటున్నారు. పేటలో కొట్టతను మంచి మందు రాసిచ్చాడు. పొద్దున్నే వచ్చి కొట్టి పో," అంది. జగ్గయ్యపేటని మావైపు పేట అనే అంటారు. ఆ మందు పనిచెయ్యదనీ, ఏ మందూ పనిచెయ్యదనీ నాకు తెలుసు. అయినా "వస్తా పిన్నీ," అని పెట్టేశాను.

ఆ సాయంత్రం మా అమ్మాయి సీరియల్ పెట్టింది. ముసలి పైలట్ మబ్బుల్లో పోల్చుకోలేక తమ కుర్ర పైలట్ విమానాన్నే కూల్చేశాడు. తిరిగొచ్చి, హెల్మెట్ తీసి, చెప్పిన చోటే కొట్టానన్నాడు. దీనికి కళ్ళనీళ్ళు. "పాపం కదమ్మా ఆయన," అంది.

"పాపమేంటే? పోయి ఆ కుర్రాడి తల్లికి చెప్పమను!" అని అరిచాను.

అది బిత్తరపోయి ఫోన్ పక్కన పెట్టేసింది. అప్పుడు దానికి జరిగిందంతా చెప్పాను.

మర్నాడు డ్రోన్ లేకుండా, ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాను. గట్టుకి అవతల ఎవరిదో మిరప పచ్చగా నిగనిగలాడుతోంది. ఇవతల పిన్ని చేలో ఆకులు పురికొసల్లా మెలితిరిగాయి, కొమ్మలు వంకర్లు పోయాయి. పూతంతా సాళ్ళలో రాలి ఉంది. ఆవిడ కొత్త మందు సంచి పట్టుకుని నిలబడింది.

"డ్రోన్ ఏదమ్మాయ్?"

చెప్పాను. మొక్కజొన్న సంగతి, కరెంటు సంగతి, ట్యాంకు సంగతి. కరెంటు సంగతి చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఆవిడ మధ్యలో అడ్డురాలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"మళ్ళీ చిగురేస్తుందా?" అంది.

"కష్టం పిన్నీ."

"మరి నిన్న ఫోన్‌లో చెప్పలేదేం?"



సంచి గట్టు మీద పెట్టి ఆవిడ చేలోకి దిగింది. మొదటి మొక్క పీకి, వేరు తిప్పి చూసింది. వేరు తెల్లగా, ఆరోగ్యంగా ఉంది. దాన్ని పక్కన పడేసి రెండోది పీకింది. ఊరికే చూస్తూ నిలబడలేక, చీర ఎగదోపుకుని నేనూ ఒక అడుగు వేశాను.

"నువ్వు రాకమ్మాయ్," అంది, తలెత్తకుండానే.

గొంతులో కోపం కూడా లేదు. వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను. ఆవిడ ఆ సాలు చివరిదాకా ఒక్కతే పీక్కుంటూ వెళ్ళి, రెండో సాలులోకి తిరిగింది.