తోడల్లుడు తెచ్చిన మాంసం

పటాన్‌చెరులో మటన్ కొట్టు నడిపే దశరథ్‌కు పన్నెండేళ్లుగా ఒక గౌరవం ఉండేది. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలోని అత్తగారింట్లో బోనాల విందుకు మాంసం ఆయనే తేవాలి. తెల్లారకముందే నాటు పొట్టేలును కోసి, మంచి ముక్కలు ఏరి, సంచితో గడప తొక్కితే అత్త రాధమ్మ ఎదురొచ్చేది. అల్లుడంటే దశరథ్ అని వాడకట్టంతా చెప్పుకునేది.

ఆ గౌరవానికి తోడల్లుడు హరినాథ్ గండి కొట్టాడు. వెలిమెలలో కొత్త ఇళ్ల మధ్య అద్దాల దుకాణం పెట్టి విదేశాల లేత గొర్రెమాంసం అమ్ముతాడు. మనిషికి కత్తి పట్టడం రాదు, చొక్కాకు మరక అంటదు. అయినా నిరుడు విందుకు ఐసు పెట్టె మోసుకొచ్చాడు. ఈసారీ తెస్తానని ముందే ఫోన్ చేశాడట. అది విన్నప్పటి నుంచి దశరథ్‌కు కడుపు మండిపోతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే దిగుమతి మాంసం మీద భారీగా సుంకం వేయాలంటూ గొర్రెల పెంపకందార్లు అర్జీ పెట్టబోతున్నారని తెలిసింది. దశరథ్ ఆ కాగితాలు అడిగి మరీ తెచ్చుకున్నాడు. పెంపకందార్ల మీద ప్రేమ కన్నా తోడల్లుడి మీద కుళ్లే ఎక్కువని ఆయనకూ తెలుసు. తెలిసినా ఆగలేదు. కొట్టుకు వచ్చినవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించాడు.

విందు రోజు పొయ్యి పక్కన రెండు గిన్నెలు దిగాయి, ఇద్దరల్లుళ్లవీ. పంక్తిలో చుట్టాలంతా మొహమాటానికి సంతకాలు పెట్టారు. హరినాథ్ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూసి దశరథ్‌కు ఇంకా మండింది. చివరికి కాగితం, సిరా డబ్బా రాధమ్మ ముందు పెట్టాడు.

“ఇది దేనికి బిడ్డా?”

“బయటి దేశం మటన్ మస్తు పిరమైతది అత్తమ్మా. ఇగ మన దిక్కు రాదు.”

పెద్దల్లుడు అడిగాడు కదా అని ఆమె ఎడమ బొటనవేలు ముద్ర వేసింది. తరువాత పళ్లెం ముందుకు జరిపింది.

“అయితే హరినాథ్ తెచ్చినయి ఇంకో రెండు ముక్కలు ఎయ్యి. మల్ల దొరకయి గద. పండ్లు ఊడినంక నువ్వు తెచ్చిన దాంట్ల శోర్వ తప్ప నేనేం తినలే బిడ్డా. గివైతే చిగుళ్లకు నలుగుతున్నయి.”

ఏటా ఆమె తన ముక్కలు మనవళ్ల పళ్లెంలో వేస్తుంటే అది ప్రేమ అనుకున్నాడు దశరథ్. ఏడాదికోసారి వచ్చే హరినాథ్ మాత్రం ఆమె నోటిని చూశాడు. తనకెందుకు తట్టలేదన్న కుళ్లు ముందటి కుళ్లు కన్నా లోతుగా దిగింది.

దశరథ్ గరిటె అందుకుని తోడల్లుడి గిన్నెలోంచి మెత్తని ముక్కలు ఏరి అత్తమ్మకు వడ్డించాడు. హరినాథ్ వైపు తలెత్తి చూడలేకపోయాడు.